ఆరుబయటి కర్ర సామానుకు రక్షణ పూతలు

ఎండా వానా తగిలే చోట ఉండే ఉయ్యాల బల్లలు, వరండా కుర్చీలు, పెరటి బెంచీలు, మేడమీద వేసుకునే భోజనబల్లలు పాడవకుండా వాటిమీద వేసే నూనెలు, వార్నిష్‌లు, స్టెయిన్లు, రంగులను కలిపి రక్షణ పూతలు అంటారు. ఇంటి లోపలి పాలిష్‌కూ వీటికీ పని వేరు. లోపలి పాలిష్ గీతలు, మరకలు పడకుండా చూసి, కాస్త మెరిస్తే చాలు. బయటి పూత సూర్యకాంతినీ నీటినీ బూజునూ ఒకేసారి ఎదుర్కోవాలి. వీటిలో ఒకదాన్ని బాగా ఆపే పదార్థం మరోదానికి లొంగిపోవడం మామూలే. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, కర్ర చారలు కనిపించేలా పారదర్శకంగా ఉండి, అద్దంలా మెరుస్తూ, పదేళ్ళపాటు మళ్ళీ చెయ్యి పెట్టనక్కరలేని పూత ఇంతవరకూ రాలేదు. అందుకే ఏ పూత ఎన్నాళ్ళు నిలుస్తుందన్న ప్రశ్న కంటే, అది పాడైనప్పుడు ఎలా పాడవుతుంది, మళ్ళీ వేయడం ఎంత కష్టం అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుంది.

తెలుగు పల్లెల్లో ఆరుబయట కూర్చోవడానికి ఎక్కువగా రాయినే నమ్ముకున్నారు. రచ్చబండ రాయి, గుడి ముందు మండపం రాయి, అరుగు గచ్చు. కర్ర వాడిన చోట దానికి నీడ ఉండేది. దూలాలు, స్తంభాలు చూరు కిందే నిలిచాయి. రాత్రి వాకిట్లో వేసిన నులకమంచం తెల్లవారగానే లోపలికి వెళ్ళేది. ఏడాదికి ఒకసారి వీధికెక్కే రథానికి సైతం గుళ్ళో షెడ్డు తప్పనిసరి. కర్ర సామానును పన్నెండు నెలలూ ఆకాశం కింద వదిలేసే అలవాటు బంగళాలు, క్లబ్బులతో మొదలై, అపార్ట్‌మెంట్ల టెర్రస్‌లతో, రిసార్టులతో పెరిగింది. పూతల అవసరమూ దానితోపాటే పెరిగింది.

కర్ర ఎందుకు పాడవుతుంది

కర్రకు బలాన్నిచ్చేవి సెల్యులోజ్ పోగులు. వాటిని ఒకదానికొకటి అతికి ఉంచేది లిగ్నిన్. కలప బరువులో లిగ్నిన్ వంతు జాతిని బట్టి సుమారు 20 నుంచి 30 శాతం. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా పీల్చుకునేదీ, ముందుగా విరిగిపోయేదీ ఈ లిగ్నినే. కొత్త టేకు బల్లను ఎండలో పెడితే కొన్ని వారాల్లోనే రంగు వెలిసిపోతుంది. విరిగిన లిగ్నిన్‌ను వాన కడిగేస్తుంది. పైన తెల్లటి సెల్యులోజ్ పోగులు మిగులుతాయి. వాటిమీద సన్నటి నల్ల బూజు చేరితే ఆ తెలుపు బూడిద రంగుకు తిరుగుతుంది.

అయితే ఈ నష్టం లోతుకు పోదు. అతినీలలోహిత కిరణాలు కర్రలో సుమారు 75 మైక్రాన్లు, అంటే దాదాపు తలవెంట్రుక మందం మేరకే దిగుతాయి. కంటికి కనిపించే కాంతి 200 మైక్రాన్ల దాకా పోతుంది. పైన్ వంటి మెత్తని కలపలో ఈ రకమైన అరుగుదల వందేళ్ళకు సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటుందని అంచనా. ఎండ కుర్చీ అందాన్ని తీసేస్తుంది గానీ, దాన్ని కూలదోయలేదు.

కూలదోసేది నీరు. చుట్టూ ఉన్న గాలిలో తేమను బట్టి కర్ర ఉబ్బుతూ, ముడుచుకుంటూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు కర్రలో దాదాపు 6 శాతం తేమ నిలుస్తుంది. గాలిలో 80 శాతం ఉంటే కర్రలో 16 శాతం దాకా చేరుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నానికీ ఆగస్టు ముసురుకీ మధ్య ఇంచుమించు ఇంత తేడా ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వెడల్పులో 5.8 శాతం దాకా తగ్గుతుంది. ఆ లెక్కన తేమ 10 శాతం మారితే 100 మిల్లీమీటర్ల వెడల్పు పలక దాదాపు 2 మిల్లీమీటర్లు కదులుతుంది. పొడవులో వచ్చే మార్పు మాత్రం లెక్కలోకి రానంత తక్కువ. వానాకాలంలో బిగుసుకుపోయి, వేసవిలో సులువుగా మూతపడే తలుపు చేస్తున్నది ఇదే. పలక మీద వేసిన పూత ఆ రెండు మిల్లీమీటర్లూ దానితో సాగి, దానితో ముడుచుకోవాలి. సాగలేని పూత పగులుతుంది, పగులులోంచి నీరు దిగుతుంది.

కర్రలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే కుళ్ళు పుట్టించే శిలీంధ్రాలకు అనువు దొరుకుతుంది. తడిసినా వెంటనే ఆరిపోయే చోట కుళ్ళు రాదు. పాత పార్కు బెంచీని ఒకసారి వంగి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. కూర్చునే పలకలు బూడిద రంగుకు తిరిగి, చారల వెంట సన్నగా పగిలి ఉన్నా, వేలితో కొడితే ఖంగుమంటాయి. కాళ్ళ అడుగున మాత్రం గోటితో గిల్లితే పొడి రాలుతుంది. రెండు పలకలు కలిసే అతుకులో, స్క్రూ దిగిన బెజ్జం చుట్టూ కూడా అదే పరిస్థితి. పూత ఎక్కువ అవసరమైంది అక్కడే. కానీ పూసేవాళ్ళ కుంచె ఎక్కువగా తిరిగేది నలుగురికీ కనిపించే పైభాగంలో.

చెదలను ఏ పూతా ఆపదు. అవి నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వచ్చి కాలి అడుగున లోపలికి చొరబడతాయి. కుర్చీ కాలు మట్టికి తగలకుండా రాతి పలక మీద ఉంచడం, లేదా అడుగున స్టీలు తొడుగు వేయించడం దానికి మందు.

కర్రను బట్టి పూత

ఏ పూత వేయాలని అడిగేవారు ముందు తమ దగ్గరున్నది ఏ కర్రో చూసుకోవాలి. చేవ ఉన్న కర్రకు పూత అలంకారంతో పాటు కొంత సాయం. చేవ లేని కర్రకు పూత ఒక్కటే దిక్కు, ఆ దిక్కు ఎక్కువ కాలం నిలవదు. కలప సంరక్షణకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 401 మన్నికను మూడు తరగతులుగా చూస్తుంది. మందేమీ పెట్టకుండా నేలలో పాతిన ముక్క సగటున 120 నెలలకు మించి నిలిస్తే మొదటి తరగతి, 60 నుంచి 120 నెలలు నిలిస్తే రెండోది, అంతకన్నా తక్కువైతే మూడోది. టేకు మొదటి తరగతిలో ఉంటుంది, మామిడి మూడో తరగతిలో. ఈ లెక్క చేవకు మాత్రమే వర్తిస్తుంది. అదే టేకు మానులో బెరడును ఆనుకుని ఉండే తెల్లకర్రకు ఆ మన్నిక ఉండదు. త్వరగా నరికిన తోట టేకులో తెల్లకర్ర పాలు ఎక్కువ. చవకగా దొరికే గార్డెన్ సెట్ల మీద ముదురు స్టెయిన్ ముందే వేసి ఉంటే, అడుగుభాగం తిప్పి చూడడం మంచిది. గోధుమ రంగు పక్కనే పాలిపోయిన పట్టీ కనిపిస్తే ఆ స్టెయిన్ ఎందుకు వేశారో తెలిసిపోతుంది.

టేకులో సహజంగా ఉండే టెక్టోక్వినోన్ చెదలకు గిట్టదు. దానిలోని నూనె, రబ్బరు పదార్థాలు నీటిని కొంత దూరంగా ఉంచుతాయి. ఆ నూనె గుణమే వార్నిష్ ఆరడాన్ని ఆలస్యం చేస్తుంది, పట్టును తగ్గిస్తుంది. నల్లమద్ది గట్టి కర్రే గానీ, ఎండేటప్పుడు పైన పగుళ్ళు తెచ్చుకుంటుంది. కాబట్టి దానిమీద పొర కట్టే పూత అందంగా నిలవడం కష్టం. రబ్బరు చెట్టు కలప, మామిడి, ప్యాకింగ్ పెట్టెల పైన్ లోపలి సామానుకు పరవాలేదు. కేఫ్‌ల ముందు ఫ్యాషన్‌గా కనిపించే పైన్ బెంచీలకు మాత్రం పైన చూరు ఉండి తీరాలి.

మన్నిక తక్కువైన కలపకు పూత కన్నా ముందు మందు లోపలికి ఎక్కించాలి. ఈ పనికి ప్రపంచమంతా దశాబ్దాలపాటు వాడిన మందు మన దేశంలోనే పుట్టింది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించారు. 1934లో బ్రిటన్‌లో దానికి పేటెంటు వచ్చింది. యాస్కూ పేరుతో అది అంగట్లోకి వెళ్ళింది. దీనిలో రాగి శిలీంధ్రాలను, ఆర్సెనిక్ పురుగులను అడ్డుకుంటే, క్రోమియం ఆ రెంటినీ కర్రలోంచి నీళ్ళకు కొట్టుకుపోకుండా బంధించి ఉంచుతుంది. ఎన్నో దేశాల్లో కరెంటు స్తంభాలు, కంచె గుంజలు, ఇళ్ళ వెనకాల చెక్క డెక్‌లు ఈ మందుతోనే నిలిచాయి. పిల్లలు ఆడుకునే చోట ఆర్సెనిక్ ఉండడం మీద ఆందోళన పెరిగి, 2003 చివరితో అమెరికాలో గృహావసరాల కలపకు దీని వాడకం ఆగిపోయింది. ప్రస్తుతం ఆర్సెనిక్ లేని రాగి మందులు దాని స్థానంలో ఉన్నాయి. పాత స్తంభాలనూ, తారునూనె పీల్చిన పాత రైల్వే స్లీపర్లనూ చవకగా కొని బెంచీలు చేయించుకోవాలనే సరదా ఉన్నవారు ఈ చరిత్ర తెలుసుకుని ఆగడం మేలు. అవి ఒళ్ళు తగిలే సామానుకు పనికిరావు.

మందు ఎక్కించిన కర్ర కుళ్ళదు, అంతవరకే. ఎండకు వెలవడం, తేమకు కదలడం దానికీ తప్పవు. కాబట్టి పూత దానికీ కావాలి.

లోపలికి ఇంకే నూనెలు

నూనెలన్నీ ఒకటి కావు. గాలి తగిలితే ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడేవి కొన్నే. వాటిలో అవిసె నూనె మనకు బాగా తెలిసినది. కుసుమ నూనెకూ కొంత ఆ గుణం ఉంది. కొబ్బరి నూనె ఎన్నటికీ ఆరదు. నువ్వుల నూనె, వేరుశెనగ నూనె జిడ్డుగా మిగిలి, దుమ్ము పట్టి, కొన్నాళ్ళకు కనరు వాసన కొడతాయి. పచ్చి అవిసె నూనె ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది. బాయిల్డ్ అని అమ్మేదానిలో కోబాల్ట్, మాంగనీస్ వంటి లోహ లవణాలు కలుపుతారు కాబట్టి దాదాపు ఒక రోజులో ఆరుతుంది.

చేత్తో గుడ్డ పట్టి రుద్దడమే పని కనుక అవిసె నూనెను మెచ్చుకునేవారు ఎక్కువ. కొత్తలో కర్రకు అది ఇచ్చే వెచ్చని రంగు కూడా నిజమే. కానీ బూజుకు అది ఆహారం. కోస్తా జిల్లాల ముసురులో ఉత్త అవిసె నూనె పూసిన బల్ల ఒక్క వానాకాలంలోనే నల్లబడవచ్చు. చైనా నుంచి వచ్చే టంగ్ నూనె నీటిని ఇంతకన్నా బాగా ఆపుతుంది, ధర కూడా ఎక్కువే. టీక్ ఆయిల్ పేరుతో దొరికే డబ్బాలో టేకు నూనె ఉండదు. అవిసె నూనో టంగ్ నూనో, కాస్త వార్నిష్, మిగతాది థిన్నర్. డెక్ ఆయిల్, ఎక్స్‌టీరియర్ ఆయిల్ అని వచ్చేవాటిలో బూజును ఆపే మందు, కొద్దిగా రంగు పొడి కలిపి ఉంటాయి. నూనె రకాల్లో ఎండా వానా పడే చోటికి ఎంచుకోదగ్గవి ఇవే.

నూనె పూత ఎక్కువ కాలం నిలవదు. నేరుగా ఎండ పడే చోట ఆరు నెలలకోసారి, చూరు కింద అయితే ఏడాదికోసారి మళ్ళీ పూయాలి. బలహీనత అంతటితో సరి. నూనె పొర కట్టదు కాబట్టి పొట్టు లేవదు. అరిగిపోయినప్పుడు కడిగి, ఆరబెట్టి, ఇంకో పూత రుద్దితే చాలు. గీకే పని లేదు, వడ్రంగిని పిలిచే పని లేదు. ఇంట్లో ఎవరైనా ఒక ఆదివారం పొద్దున చేసుకోగలిగిన పని కావడం దీని అసలు బలం.

పల్లెల్లో బండి చట్రాలకూ, పశువుల కొట్టం గుంజలకూ వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం ఉంది. అది ఆరదు, బట్టలకు అంటుతుంది. ఇంజన్‌లో కాలిన నూనెలో ఒంటికి హాని చేసే పదార్థాలుంటాయి. గుంజలకే అది మంచిది కానప్పుడు కూర్చునే బల్లకు అసలే వద్దు. కేరళ, గోవా తీరాల్లో చెక్క పడవలకు చేపనూనె, జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనె పూస్తూ వచ్చారు. ఆ జీడి నూనె నీటికి గట్టిగానే నిలుస్తుంది గానీ చర్మాన్ని పొక్కిస్తుంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచే చేతులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కరలేదు.

పైన పొర కట్టే వార్నిష్‌లు

వార్నిష్ కర్ర లోపలికి పోవడం కన్నా పైన పలుచని పొరగా నిలవడం ఎక్కువ. ఓడల కొయ్య పనికి పుట్టిన మెరైన్ వార్నిష్ ఈ జాతిలో మేలైనది. దానిలో నూనె పాలు ఎక్కువ కనుక పొర మెత్తగా, కర్రతో సాగేలా ఉంటుంది. అతినీలలోహిత కిరణాలను పీల్చే రసాయనాలు అదనంగా కలుపుతారు. పడవల మీద మొదటి పూతను సగానికి సగం థిన్నర్‌తో పలుచన చేసి కర్రలోకి దింపుతారు. తర్వాత ఒక్కో పూత మధ్య సన్నగా రుద్దుతూ ఆరు నుంచి ఎనిమిది పూతలు వేస్తారు. ఏటా పైన మరో రెండు వేస్తారు. మన ఇళ్ళలో రెండు పూతలతో సరిపెట్టి, వార్నిష్ మంచిది కాదనుకుంటాం.

పారదర్శకమైన పూతకు ఒక దోషం పుట్టుకతో ఉంది. కర్ర చారలు మన కంటికి కనిపిస్తున్నాయంటే కాంతి లోపలికి వెళ్ళి వస్తున్నట్టే. వార్నిష్ పొర బాగానే ఉన్నా, దాని కిందనున్న లిగ్నిన్ విరుగుతూ పోతుంది. చివరికి పొర పట్టుకోవడానికి గట్టి కర్ర బదులు పొడి మిగులుతుంది. అప్పుడు ఓ అంచున పొట్టు లేస్తుంది, అక్కడ నీరు దిగుతుంది. దిగిన నీరు మిగతా పొర అడ్డుపడి బయటికి పోలేదు. అలాంటి బల్లను చూస్తే పొర మిగిలిన చోట తేనెరంగు, ఊడిన చోట బూడిద, రెంటి హద్దులో నల్లటి గీత కనిపిస్తాయి. ఆ దశలో పైన ఇంకో పూత వేయడం వృథా. మొత్తం గీకి, కొత్త కర్ర తేలేదాకా రుద్ది, మళ్ళీ మొదలుపెట్టాలి. పూర్తి ఎండలో మామూలు పారదర్శక వార్నిష్ ఒకటి రెండేళ్ళకే ఈ స్థితికి వస్తుంది. కాబట్టి మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే సామానుకు మెరిసే పారదర్శక వార్నిష్ సరైన ఎంపిక కాదు. ఏటా దానికి రెండు రోజులు కేటాయించే ఓపిక ఉన్నవారి సంగతి వేరు.

ఇప్పుడు వడ్రంగులూ పాలిష్ పనివారూ ఎక్కువగా సిఫారసు చేసేది పీయూ, అంటే పాలీయురెథేన్. రెండు డబ్బాలు కలిపి వేసే రకం గట్టిగా, గీతలకు లొంగకుండా ఉంటుంది. దీనిలోనూ రెండు జాతులున్నాయి. అరోమాటిక్ రకం చవక, ఎండకు పసుపెక్కుతుంది, అది లోపలి పనికి. అలిఫాటిక్ రకం ఖరీదు, ఎండకు రంగు మారదు. పనివాడు పీయూ వేస్తానన్నప్పుడు డబ్బా మీద ఎక్స్‌టీరియర్ అని ఉందో లేదో మనం చూసుకోకపోతే తేడా ఏడాదికి గానీ బయటపడదు. అలిఫాటిక్ అయినా మరీ గట్టి పొర కదిలే కర్రమీద అతుకుల దగ్గర పగలడం ఉంటుంది.

లక్క పాలిష్ బయటికి పనికిరాదు. ఏటికొప్పాక బొమ్మలకు అంత నునుపు, నిగారింపు ఇచ్చే లక్కే వానలో తడిసిన కుర్చీ మీద తెల్లగా పాలిపోతుంది. ఎన్‌సీ లాకర్, మెలమైన్ కూడా అంతే, అవి గదుల్లోకే. ఎపాక్సీ నీటిని అన్నిటికన్నా బాగా ఆపుతుంది గానీ, ఎండకు సుద్దలా పొడిబారుతుంది. దాన్ని కాళ్ళ అడుగుభాగానికీ, వార్నిష్ కింద పునాది పూతగానూ వాడుకోవచ్చు.

స్టెయిన్లు, రంగులు

పూతలో రంగు పొడి ఎంత ఎక్కువైతే కర్రకు ఎండ నుంచి అంత రక్షణ. మొత్తం విషయంలో ఇంతకన్నా నమ్మదగిన సూత్రం లేదు. పారదర్శక పూతకూ దట్టమైన రంగుకూ మధ్యలో సెమీ ట్రాన్స్‌పరెంట్ స్టెయిన్ ఉంటుంది. సన్నటి ఐరన్ ఆక్సైడ్ రేణువులు కాంతిని ఆపుతాయి, అయినా చారలు లీలగా కనిపిస్తూనే ఉంటాయి. కర్రలోకి ఇంకి, పొర కట్టకుండా ఉండే స్టెయిన్ అయితే పొట్టు కూడా లేవదు. ఎండ, వాన రెండూ తగిలే బల్లకు, కర్ర అందం పూర్తిగా దాచకూడదనుకుంటే, ఈ వ్యాసకర్త మొగ్గు దీనివైపే. లేత రంగుల కన్నా ముదురు గోధుమ, ఎర్రటి గోధుమ ఛాయలు ఎక్కువ కాలం నిలుస్తాయి. అయితే ముదురు రంగు వేడిని ఎక్కువ పీలుస్తుంది. మే నెలలో రామగుండం టెర్రస్ మీద ముదురు రంగు బెంచీ మీద కూర్చోవడం ఎవరివల్లా కాదు.

దట్టమైన రంగు అన్నిటికన్నా గట్టి రక్షణ. సింథటిక్ ఎనామెల్ మన తలుపులకూ కిటికీలకూ తరాలుగా పరిచయం. మెరుపు బాగుంటుంది, కానీ వయసు పెరిగేకొద్దీ బిరుసెక్కి పగులుతుంది. బయటి కర్రకని తయారుచేసే నీటి ఆధారిత యాక్రిలిక్ రంగు అంత మెరవకపోయినా, సాగుతుంది, లోపలి తేమను కొంత బయటికి పోనిస్తుంది. రెండింటికీ కింద ప్రైమర్ తప్పదు. లప్పం విషయంలో మాత్రం జాగ్రత్త. లోపలి తలుపుకు చేసినట్టు పలక మొత్తం లప్పం పట్టించి నున్నగా చేస్తే, వానకు ఆ సుద్ద నీరు పీల్చి రంగుతో సహా పెచ్చులుగా ఊడుతుంది. బయటి సామానుకు మేకు బెజ్జాల వరకే లప్పం పెట్టి ఆపాలి.

టేకు, మద్ది వంటి ఖరీదైన కర్రకు దట్టమైన రంగు వేయడానికి మనసొప్పదు. అది సహజమే. పైన్, మామిడి, పాత తలుపు చెక్కలతో చేసిన బెంచీకి ఆ మొహమాటం అక్కరలేదు.

ఏమీ పూయకపోవడం

మంచి చేవ టేకుతో, కాళ్ళు ఎత్తులో ఉండేలా, నీరు నిలవకుండా పలకల మధ్య సందులు వదిలి చేసిన బెంచీకి ఏ పూతా లేకపోయినా చాలా ఏళ్ళు నడుస్తుంది. బూడిద రంగుకు తిరగడాన్ని లోపంగా చూడకపోతే చాలు. బ్రిటన్‌లో గత శతాబ్దిలో పాత యుద్ధనౌకలను విడగొట్టగా వచ్చిన టేకుతో తోట బెంచీలు చేసి అమ్మారు. వాటిని ఏ పూతా లేకుండానే ఆరుబయట వదిలేసేవారు. ఏడాదికి రెండుసార్లు మెత్తటి బ్రష్షుతో సబ్బునీళ్ళు పెట్టి, చారల వెంట తోమడం దీనికి కావలసిన సేవ. అధిక పీడనంతో నీళ్ళు చిమ్మే యంత్రం వాడితే మెత్తబడిన పోగులు లేచిపోయి కర్ర గరుకెక్కుతుంది. ఈ మార్గం టేకుకు, అంత మన్నికైన మరికొన్ని చేవ కర్రలకు మాత్రమే. మామిడి బల్లను ఇలా వదిలేస్తే రెండు వానాకాలాలు దాటడం కష్టం.

చోటును బట్టి

విశాఖ బీచ్ రోడ్డు బాల్కనీకీ నిజామాబాద్ టెర్రస్‌కూ ఒకే డబ్బా చెల్లదు. సముద్రతీరంలో గాలి ఏడాది పొడవునా తడిగా ఉంటుంది, కర్ర పెద్దగా కదలదు గానీ బూజు వదలదు. అక్కడ బూజు మందు కలిసిన పూత అవసరం, ఉత్త నూనె వద్దు. ఉప్పుగాలికి ఇనప స్క్రూలు కర్ర కన్నా ముందు పోతాయి. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే ఆ బెడద తగ్గుతుంది. తెలంగాణలో, రాయలసీమలో సమస్య తిరగబడుతుంది. ఎండు వేసవి నుంచి నేరుగా వానలోకి వెళ్ళే కర్ర ఎక్కువగా కదులుతుంది, కిరణాల దెబ్బ కూడా ఎక్కువ. అక్కడ గట్టి పొర కన్నా రంగు కలిసిన ఇంకే పూత నయం. చూరు బాగా దిగి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే వరండాలో దాదాపు ఏ బయటి పూతైనా నిలుస్తుంది. వార్నిష్ మెరుపు మీద ఇష్టం ఉన్నవారు ఆ ముచ్చట అక్కడ తీర్చుకోవచ్చు.

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువారికి వెనకపెరటి డెక్ రూపంలో ఇదే ప్రశ్న ఎదురవుతుంది. మందు ఎక్కించిన పైన్ కొత్తలో నీటితో నిండి ఉంటుంది. మీద చల్లిన నీటిచుక్క ముత్యంలా నిలవకుండా ఇంకిపోయేదాకా ఆగి, అప్పుడు స్టెయిన్ వేయాలి. నడిచే చోట పొర కట్టే పూత వేస్తే మంచు, ఎండ కలిసి దాన్ని త్వరగా లేపేస్తాయి.

పూసే పని

వర్షాకాలం వెళ్ళాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు అనువైన కాలం. మంచు ఆరాక మొదలుపెట్టి, నేరుగా ఎండ పడని చోట పూయాలి. కాలిన పలక మీద పూత పైపైనే ఆరిపోయి బుడగలు తేలుతుంది. కొత్త కర్రను చిత్రిక పట్టించాక ఎండలో వదిలేయకూడదు. రెండు మూడు వారాల ఎండ చాలు, పై పొర బలహీనపడి తర్వాత వేసే రంగు పట్టు తగ్గడానికి. బూడిద రంగుకు తిరిగిన పాత కర్రనూ అందుకే రుద్ది తీరాలి. ముందు 80 నంబరు, తర్వాత 120 నంబరు శాండ్ పేపరుతో చారల వెంట రుద్దితే సరిపోతుంది. అద్దంలా నున్నగా చేస్తే నూనె, స్టెయిన్ సరిగా ఇంకవు. టేకు అయితే పూసే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి పైనున్న నూనె తీసేయాలి.

కర్రను అడ్డంగా కోసిన చివర్లు నీటిని మిగతా భాగం కన్నా ఎన్నో రెట్లు త్వరగా తాగుతాయి. కుర్చీని తలకిందులు చేసి, కాళ్ళ అడుగుకు పూత తాగినంత పట్టించి, ఆగి, మళ్ళీ పట్టించడం మొత్తం పనిలో విలువైన పావుగంట. బల్ల పైభాగానికి ఎన్ని పూతలు వేశారో అడుగుభాగానికీ అన్నే వేయాలి. లేకపోతే ఒకవైపు తేమ త్వరగా, మరోవైపు ఆలస్యంగా మారి పలక వంకర తిరుగుతుంది. ఇనప మేకుల చుట్టూ నల్లటి మరక కనిపిస్తే అది బూజు కాదు. కర్రలోని టానిన్‌తో ఇనుము కలిసి పుట్టిన రంగు. పలుచని ఆక్సాలిక్ ఆమ్లంతో అది పోతుంది. ఆ ఆమ్లం విషం కాబట్టి చేతి తొడుగులు వేసుకోవాలి, తర్వాత నీళ్ళతో బాగా కడగాలి. మేకు మార్చకపోతే మరక మళ్ళీ వస్తుంది.

ప్రమాదాలు

అవిసె నూనె, టంగ్ నూనె, వాటితో చేసిన వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. వాటిని తీగ మీద విప్పి ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచి ఉంచాలి. రెండు డబ్బాల పీయూను స్ప్రే చేసేటప్పుడు గాలిలో తేలే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఉబ్బసం తెస్తాయి. మూతికి కట్టిన చేతిరుమాలు వాటిని ఆపదు, తగిన ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి.

పాత రంగు గీకే పనిలో మరో ప్రమాదం సీసం. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామెల్ ఉన్న కుర్చీని పొడిగా రుద్దితే ఆ ధూళి ఇంట్లో చిన్నపిల్లల ఒంట్లోకి చేరే వీలుంది. తడి శాండ్ పేపరుతో, ఇంటికి దూరంగా, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి రుద్దాలి. రాలిన పెచ్చులను పట్టాతో సహా చుట్టి తీసేయాలి, వాటిని చలిమంటలో వేయకూడదు.